గచ్చిబౌలిలో నలభై ఒకటో నంబరు

హైదరాబాదుకు పోయి చార్మినారు చూడకుండా, బిర్యానీ తినకుండా, ఒక్క గాజు కూడా కొనకుండా తిరిగొచ్చిన మనిషి మా ప్రొద్దుటూరు మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాలుగు రోజులూ నేను చూసింది మోకాళ్లు, పాదాలు. మా వీధిలో ఆడవాళ్లు "ఏం తెచ్చినావు టీచరమ్మా" అని అడిగితే ఏం చెప్పాలో తోచక ఇదంతా రాస్తున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. దాంతోపాటు ఇరవై రెండేళ్లుగా నడక పందేలకు జడ్జిని. నడక పందెమంటే పరుగు కాదు. చూసేవాళ్ల కంటికి ఒక పాదమైనా ఎప్పుడూ నేల మీదే కనబడాలి. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఈ రెండూ తప్పుతున్నారేమో కనిపెట్టడానికి రోడ్డు పక్కన నాలాంటివాళ్లం ఆరుగురం నిలబడతాం. కెమెరా లేదు, యంత్రం లేదు, మా కళ్లే. తప్పుతారేమో అనిపిస్తే పసుపు పచ్చ పాడిల్, అంటే పిడి ఉన్న గుండ్రటి పలక, ఎత్తి హెచ్చరిస్తాం. తప్పారని నమ్మకం కుదిరితే ఎర్ర కార్డు మీద నంబరు రాసి చీఫ్ జడ్జికి పంపుతాం. ముగ్గురు జడ్జీల నుంచి మూడు కార్డులు పడితే ఆ పిల్ల పందెంలో లేనట్టే.

ఈసారి పిలుపు మామూలు పోటీకి కాదు. విదేశంలో జరిగే పెద్ద పోటీకి మన దేశం తరఫున ఇద్దరు అమ్మాయిలను ఎంచాలి. నిబంధన ఒక్క వాక్యం: గచ్చిబౌలిలో ఆదివారం పొద్దున జరిగే ఇరవై కిలోమీటర్ల పందెంలో ముందు వచ్చిన ఇద్దరూ వెళ్తారు. పోయినేడాది పతకాలు లెక్కలోకి రావు, ఎవరి అభిప్రాయాలూ అక్కరలేదు. ఆ వాక్యం చదివి నేను మురిసిపోయాను. సిఫారసు దూరడానికి సందు లేని రూలు అంతకంటే ఏముంటుంది?

బైకు మీద పాడిల్స్

శుక్రవారం పొద్దున బస్సు దింపిన చోటు నుంచి మాదాపూర్‌కు ఆటోవాళ్లు రెండు వందలన్నారు. మా ఊళ్లో ఇరవై రూపాయలిస్తే ఆటో ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. మా చెల్లెలి కూతురు హరిత ఫోన్లోనే బైకు టాక్సీ పంపింది. డెబ్భై రెండు రూపాయలు. అరవై ఏళ్ల వయసులో ముక్కూ మొహం తెలీని పిల్లవాడి వెనక హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, సంచి ఒక చేత్తో.

సంచిలోంచి పాడిల్స్ పిడులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర సందులోంచి దూరుతుంటే అవి ఒక కారు అద్దానికి టకటకమని కొట్టుకున్నాయి. కారాయన అద్దం దించి ఏదో అనబోయి, నన్ను చూసి, మళ్లీ ఎత్తేసుకున్నాడు.

"ఏం సామాన్ మేడం గది?" అన్నాడు బైకు నడిపే అబ్బాయి. చెప్పాను. అతనిది నల్లగొండ దిక్కు. "మా అన్న కబడ్డీ మస్తు ఆడుతుండె మేడం. స్టేట్ టీమ్ దాకా పోయిండు. ఆడ పదిహేను మంది పేర్లు ముందే రాసిపెట్టుకున్నరంట. ఇగ వాపస్ వచ్చిండు. ఇప్పుడు డీసీఎం లారీ నడుపుతుండు."

"ఈ పందెంలో అట్ల జరగదు నాయనా. ముందొచ్చినోళ్లు పోతారు, అంతే."

"గట్లుంటే మంచిగనే ఉంటది మేడం," అన్నాడు, నమ్మకం లేని గొంతుతో. నాకు కొంచెం కోపం వచ్చింది. దిగాక నా తరఫున పది రూపాయలు ఎక్కువిచ్చాను, ఎందుకో.

మాదాపూర్ హాస్టల్

హరిత ఉండేది ఆడపిల్లల హాస్టల్లో. అతిథి మంచం రోజుకు ఆరు వందలు, భోజనంతో కలిపి. భోజనమంటే సాంబారులో బెల్లం, పప్పులో నీళ్లు, కారంలో కారం లేకపోవడం. నేను ఇంటినుంచి తెచ్చిన చెనిక్కాయల పొడి సీసా మొదటి రోజే సగమైంది. ఏ జిల్లా పిల్లయినా సరే, ఆ సీసా చూడగానే కంచం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

హరితకు నా రూలు నచ్చలేదు. "ఒక్క రోజు చూసి ఎట్ల తీసుకుంటారు పెద్దమ్మా? మా ఆఫీసులో ఏడాదంతా చూసి రేటింగ్ ఇస్తారు."

"ఇచ్చి ఏం చేశారు? పోయినసారి నువ్వు మూడు రోజులు ఏడ్చినావు కదా."

"అదంటే, మా మేనేజరుకు నేను ఇష్టం లేదు."

"ఆ ఇష్టం సంగతే నేను చెప్పేది. గీత దాటినోళ్లని లెక్కపెట్టేందుకు ఇష్టంతో పనేముంది?" అన్నాను. హరిత మూతి ముడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ వాదన నేనే గెలిచాను. గెలిచానని ఆ పూటంతా హుషారుగా ఉన్నాను కూడా.

మధ్యాహ్నం పాడిల్స్ తడిబట్టతో తుడిచి మంచం మీద పరిచాను. గది తుడవడానికి వచ్చిన యాదమ్మ చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నలభై ఏళ్లుంటాయి. పాలమూరు దిక్కు మనిషి, హఫీజ్‌పేట్‌లో కిరాయికి ఉంటుంది.

"ఏంది మేడం, గివి అట్లకాడలా?"

నవ్వాపుకోలేకపోయాను. ఒకటి ఎత్తి, ఇది నడక పందెంలో చూపించేదని చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. "మీరు జడ్జా మేడం? మా పిల్ల గూడ నడుస్తది! ఐతారం గచ్చిబౌలిల! మమత!"

నేను వెంటనే పాడిల్స్ సంచిలో పెట్టేశాను. "చాలా సంతోషం యాదమ్మా. మళ్లీ ఆ మాట మనం మాట్లాడుకోకూడదు," అన్నాను. ఆమె తల బాగా ఊపింది. తప్పు నాది. తల ఊపినవాళ్లంతా ఒప్పుకున్నట్టేనని ముప్పై ఒక్క ఏళ్లు క్లాసులో నమ్మినదాన్ని.

సర్వపిండి

శనివారం పొద్దున యాదమ్మ స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. మూత తీస్తే సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి గిన్నె గోడలకు ఒత్తి కాల్చిన రొట్టె. అక్కడక్కడా చిల్లులు, అంచుల్లో కరకర. ముందు రోజంతా బెల్లం సాంబారు తిన్న నా నాలుకకు ప్రాణం లేచొచ్చింది. ఒక ముక్క తిన్నాను. చాలా బాగుందని రెండోది తీసుకున్నాను. అది సగం తిన్నాక యాదమ్మ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

"మేడం, నలభై ఒక్కటి. మా పిల్ల నంబరు నలభై ఒక్కటి. జర సూడుండ్రి."

నోట్లో ముక్క అట్లే ఆగిపోయింది. మింగాలా ఉమ్మాలా? మింగాను. తర్వాత ఆమెను గట్టిగా కేకలేశాను. నేనెవరనుకున్నావన్నాను, ఇరవై రెండేళ్లన్నాను, నా చేతిలో ఒక్క నంబరూ ఒక్కసారీ తప్పు పడలేదన్నాను. యాదమ్మ బెదిరిపోయి డబ్బా వదిలేసి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కూడా, "ఏమనుకోకుండ్రి మేడం, నలభై ఒక్కటి అని గంతే," అంది.

ఆ మధ్యాహ్నం గచ్చిబౌలిలో జడ్జీల సమావేశం. మా చీఫ్ కాకినాడాయన, సత్యనారాయణ గారు. పాతికేళ్లుగా తెలిసిన పెద్దమనిషి. "ఎవరికైనా ఏ అమ్మాయితోనైనా చుట్టరికం గానీ పరిచయం గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి. మలుపు మారుస్తాను," అన్నారు. నేను నోరు విప్పలేదు. ఏముంది చెప్పడానికి? అమ్మాయి మొహమైనా నేను చూడలేదు. రెండు సర్వపిండి ముక్కలకు అమ్ముడుపోయే మనిషినా నేను?

టీ కొట్టు దగ్గర ఒక తండ్రి

సమావేశమయ్యాక స్టేడియం ఎదురుగా టీ తాగాను. ఇరవై రూపాయలు, రెండు గుటకలు. మా దగ్గర పది రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు. పక్కన నిలబడిన ఒకాయన నా మెడలో కార్డు చూసి నమస్కారం పెట్టాడు. గుంటూరాయన. కూతురి శిక్షణ కోసం ఐదేళ్ల కింద వ్యాపారంతో సహా గచ్చిబౌలికి మారిపోయాడట. కూతురు లాస్య, ఈ ఏడాది దేశంలో అందరికంటే తక్కువ సమయంలో నడిచిన పిల్ల. ఆ పేరు నాకూ తెలుసు.

"నేను మిమ్మల్ని ఏమీ అడగట్లేదండి. నంబరు కూడా చెప్పను," అని ముందే చేతులెత్తాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. "ఒక్క మాట మటుకు చెప్పండి. ఏడాదిలో నాలుగు పోటీల్లో మా అమ్మాయే మొదటొచ్చిందండి. వారం కింద జ్వరమొచ్చింది. రేపు మూడోదిగా వస్తే ఆ ఏడాదంతా ఎటు పోయినట్టండి? బాగా నడిచేవాళ్లని పంపాలా, రేపు పొద్దున బాగా నడిచినవాళ్లని పంపాలా?"

మంచి ప్రశ్నే. నేను తడుముకోకుండా చెప్పాను. "అయ్యా, ఏడాది లెక్క అంటే ఎవరో ఒకరు గదిలో కూర్చుని లెక్కెయ్యాలి. ఈ పోటీకి ఇంత విలువ, ఆ జ్వరానికి ఇంత మినహాయింపు అని. ఆ గదిలోకి మీరు పోగలరేమో. మీకు కారుంది, తెలిసినవాళ్లున్నారు. గది ఎక్కడుందో కూడా తెలియని తల్లిదండ్రులున్నారు. రోడ్డు మీదికైతే అందరూ రాగలరు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "రోడ్డు పక్కన మీరుంటారు కదండీ మరి," అన్నాడు. వెటకారం లేదు, మామూలుగానే అన్నాడు. "ఉంటాం. అందుకే ఆరుగురం ఉంటాం," అన్నాను నేను.

ఆదివారం, నా మలుపు

తెల్లవారి ఆరింటికి పందెం మొదలైంది. కిలోమీటరు చుట్టు, ఇరవైసార్లు. బయలుదేరే గీతకు సరిగ్గా ఎదురు కొసన, వెనక్కి తిరిగే మలుపు నాది. ఆదివారం కాబట్టి ఆఫీసు బస్సులు లేవు. ఎత్తైన అద్దాల భవనాల ముందు సెక్యూరిటీవాళ్లు కుర్చీలు గేటు బయటికి తెచ్చుకుని కూర్చున్నారు. నడుములు తిప్పుతూ నడిచే పిల్లలను చూసి మొదటి రెండు చుట్లు నవ్వారు. మూడో చుట్టుకు వాళ్ల వేగం అర్థమై చప్పట్లు మొదలుపెట్టారు.

మమతను చూశాను. సన్నగా, నల్లగా, జుట్టుకు ఎర్ర రిబ్బను. లాస్యకు కూడా ఎర్ర రిబ్బనే, నంబరు నలభై ఏడు. మమత మలుపు తిరిగేటప్పుడల్లా నేను ఆమె వెనక వచ్చేవాళ్ల కాళ్ల మీదికి చూపు మరల్చాను. సిఫారసు పడిన నంబరు కదా, ఎక్కువసేపు చూస్తే ఎటో ఒకవైపు మొగ్గుతాను. ఇరవై చుట్లూ ఆ నిగ్రహం పాటించాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

పదమూడో చుట్టులో నలభై ఏడుకు ఎడమ మోకాలు వంగుతోందనిపించి పసుపు పాడిల్ ఎత్తాను. పదిహేడో చుట్టులో ఆ మోకాలు కచ్చితంగా వంగింది. ఎర్ర కార్డు తీసి, నంబరు, సమయం, మోకాలి గుర్తు రాసి, సైకిలు మీద తిరిగే వాలంటీరుకు ఇచ్చాను. దారిలో అతని సైకిలు చైను ఊడింది. కార్డు చీఫ్ చేతికి చేరేసరికి ముందున్నవాళ్లు గీత దాటేశారు.

మొదట కేరళ అమ్మాయి. రెండు మమత. మూడు లాస్య. మమత రోడ్డు మీదే కూలబడి చేతుల్లో మొహం పెట్టుకుని ఏడుస్తోంది, సంతోషంతో. తాళ్లకు అవతల యాదమ్మ హాస్టల్ యూనిఫారంలోనే ఎగురుతోంది. అప్పుడు సత్యనారాయణ గారు వెళ్లి మమత ముందు ఎర్ర పాడిల్ పట్టుకున్నారు. ముగ్గురు జడ్జీల నుంచి మూడు కార్డులు. పందెంలో లేదు. లాస్య రెండో స్థానానికి వచ్చింది.

మమత పాడిల్ వంక చూసింది.  బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టింది. నాకు జాలేసింది. జాలిది జాలి, రూలుది రూలు అనుకున్నాను.

అరగంట

ఫలితాలు బోర్డు మీద పెట్టాక అభ్యంతరాలకు అరగంట గడువు. ఆ సమయంలో నాకొక అలవాటుంది, ఎవరూ చెయ్యమనరు. నా షీటులో రాసుకున్నవన్నీ, చుట్ల సమయాలు రాసే బల్ల దగ్గరికి పోయి సరిచూసుకుంటాను, పప్పులో రాళ్లు ఏరినట్టు. ఇరవై రెండేళ్లలో ఒక్క రాయీ దొరకలేదు.

ఎర్ర కార్డు, ఏడూ పద్దెనిమిది, మోకాలు, నలభై ఒకటి.

నలభై ఒకటా?

బల్ల మీది కాగితంలో నలభై ఒకటో నంబరు పదిహేడో చుట్టు ముగించి ఏడూ పద్దెనిమిదికి బయలుదేరే గీత దాటింది. నేనున్నది అర కిలోమీటరు అవతల. ఆ నిమిషంలో ఆమె నా మలుపులో ఉండనే ఉండదు. నలభై ఏడో నంబరు పదహారో చుట్టు ముగించి గీత దాటింది ఏడూ పదహారుకు. అంటే ఏడూ పద్దెనిమిదికి నా ముందున్నది లాస్య. నేను చూసింది లాస్య మోకాలు. రాసింది మమత నంబరు.

 అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నిన్న పొద్దున్నుంచి నలభై ఒక్కటి, నలభై ఒక్కటి అని బుర్రలో తిరుగుతోంది. గదమాయించి పంపేశాననుకున్నాను. అది పోలేదు, నా పెన్నులో దూరి కూర్చుంది. తల్లి చేసిన సిఫారసు పిల్ల మెడకు చుట్టుకుంది, చుట్టింది నా చెయ్యి. ఛీ అనిపించింది.

గడువు ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. పెట్టడానికి ఆ తల్లీకూతుళ్లకు అట్లాంటి బల్ల ఒకటుంటుందని కూడా తెలిసినట్టు లేదు. రోడ్డు మీదికి అందరూ రాగలరు అని నిన్న ఎంత దర్జాగా చెప్పాను! ఈ బల్ల దగ్గరికి కూడా రాగలగాలని నాకు తట్టలేదు.

లేచి సత్యనారాయణ గారి దగ్గరికి పోయాను. మొత్తం చెప్పాను. సర్వపిండి రెండు ముక్కలతో సహా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మేడం గారూ, మీరేనాండీ ఈ మాట అంటున్నది? నిన్న అడిగానుగా, పరిచయాలుంటే చెప్పమని."

"అడిగారు. చెప్పలేదు. తప్పే."

"రాతపూర్వకంగా ఇస్తే కార్డు కొట్టేస్తాను. కానీ ఆ తర్వాత మీ పేరు ప్యానెల్లో ఉంటుందని నేను మాటివ్వలేనండి."

"కాగితం ఇవ్వండి," అన్నాను.

రాస్తుంటే ఆయన ఇంకోటి అడిగారు. "మరి ఆ కార్డు నలభై ఏడుకు మారుస్తారా?"

ఆలోచించాను. వంగింది లాస్య మోకాలే. కానీ తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుని వేసే కార్డు కార్డు కాదు. పిల్ల నడుస్తున్నప్పుడు రాసిందే లెక్క. "మార్చను. కొట్టెయ్యండి, అంతే."

బోర్డు మారింది. మమత రెండు, లాస్య మూడు. గుంటూరాయన నా దగ్గరికి వచ్చాడు. నా కాగితం చదివాడు కాబోలు. తిడతాడనుకున్నాను. "మా అమ్మాయి గంట కూడా సంతోషంగా లేదండి," అన్నాడు. "నిన్న మీరన్న గదిలో అయితే తప్పుకు ఒక మనిషి అంటూ దొరకడు. ఇక్కడ మీరు దొరికారు. అదొక్కటే తేడా." నేను వెళ్లి లాస్య భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడాది ఎడమ మోకాలికి బలం పెంచమని చెప్పాను. అంతకంటే నేనివ్వగలిగింది ఏమీ కనబడలేదు.

సోమవారం మిఠాయి

పొద్దున హాస్టల్ మెట్ల మీద యాదమ్మ బాలూషాహీల పెట్టె పట్టుకుని కనిపించిన ప్రతి పిల్ల నోట్లో ఒకటి పెడుతోంది. నన్ను చూడగానే పెట్టె హరిత చేతిలో పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు జూస్తరని నాకు ఎర్కనే మేడం! పైకి కోపం జేసిండ్రు గానీ లోపల పెట్టుకున్నరు. కొట్టేసిన పేరు మళ్ల రాయించిండ్రు. మా బస్తీల అందరికి చెప్పిన, మా మేడం జూసిందని!"

మెట్ల మీద పిల్లలంతా నా వైపు చూశారు. హరిత కూడా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మేనేజరు గురించి చెప్పేటప్పుడు చూసే చూపు అది. ఒళ్లు మండిపోయింది.

"యాదమ్మా, ఇట్ల కూర్చో," అన్నాను. మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. అందరూ వినేటట్టే చెప్పాను. "ఆ పేరు కొట్టేసిందే నేను. తప్పు వేరే పిల్లది. నువ్వు చెవిలో ఊదిన నంబరే నా చేతికొచ్చింది. నా తప్పు నేను దిద్దుకున్నాను, అంతే. మీ పిల్లకు నేనేమీ పెట్టలేదు. లాక్కున్నది తిరిగి ఇచ్చాను."

యాదమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే... నేను నోరు మూసుకుంటే పిల్ల సీదా పోతుండెనా?"

"సీదా పోతుండె."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాత్రి పిల్ల నాతోని మాట్లాడలే మేడం. నీ సిఫారసుతోని పోతున్నట్టు చేసినవు అని ఒక్కటే ఏడుపు. నేనేమో గెలిచి గూడ ఏడుస్తదేంది అనుకున్న." ఆగి, మళ్లీ అంది. "ఇగ బస్తీల ఎట్ల చెప్పాలె?"

"ఎంతమందికి చెప్పినావో అంతమంది దగ్గరికీ పోయి, ఇప్పుడు నేను చెప్పింది చెప్పు. నా పేరు చెడ్డగా వచ్చినా ఫరవాలేదు. పిల్లది రావద్దు."

"చెప్త మేడం," అంది. ఈసారి తల ఊపలేదు, నోటితో చెప్పింది. మిగిలిన బాలూషాహీల్లో ఒకటి తీసుకోమని బతిమాలింది. నేను డబ్బులిచ్చి తీసుకున్నాను. పదిహేను రూపాయలు. తీసుకోనని మొండికేస్తే పెట్టెలో పడేశాను.

హఫీజ్‌పేట్ దగ్గర

ఇంటికొచ్చాక సత్యనారాయణ గారికి ఇంకో ఉత్తరం రాశాను. మిగతా ఐదుగురు చూశారు కాబట్టి ఫలితం ఫలితమేనని, నన్ను మాత్రం ఏడాదిపాటు పిలవబోమని జవాబొచ్చింది. న్యాయమే. ఏడాది తర్వాత పిలిస్తే పోతాను, ఎవరైనా నా చెవిలో నంబరు వేస్తే ఆ క్షణమే చీఫ్‌కు చెప్తాను. ఆ రెండో ఉత్తరం ఎందుకు రాయాల్సొచ్చిందో చెప్పి ముగిస్తాను.

తిరుగు బస్సు సోమవారం సాయంత్రం, హఫీజ్‌పేట్ దగ్గర మెయిన్ రోడ్డు మీద ఎక్కాలి. ఇంకా వెలుతురుంది. స్టాపులో పదిహేను మంది దాకా ఉన్నారు. మమత ఒక్కతే వచ్చింది, ట్రాక్ ప్యాంటులో, అవే బూట్లతో. కాళ్లకు మొక్కబోతే ఆపాను.

"మా అమ్మ అంతా చెప్పింది మేడం. థాంక్స్ చెప్పనీకి రాలే. ఒకటి అడగనీకి వచ్చిన." గొంతులో బెరుకు లేదు. "మిగిలిన ఇద్దరు జడ్జి సార్లు నాకు పాదం లేస్తుందని కార్డులు ఏసిండ్రు. మీరు మీ మలుపుల ఇరవై సార్లు జూసిండ్రు కదా. మీకెట్ల కనపడ్డది? నిజం చెప్పుండ్రి. అక్కడ దేశం కాని దేశంల మూడోది పడితే ఇజ్జత్ పోతది."

చెప్పబోయాను.  

సంచిలోంచి షీటు నకలు తీశాను. నలభై ఒకటి ఎదురుగా కొట్టేసిన ఆ ఒక్క ఎర్ర గీత తప్ప ఇరవై చుట్లూ ఖాళీ. పసుపు లేదు, చుక్క లేదు. ఇరవైసార్లు ఆ పిల్ల నా ముందు నుంచి పోయింది, ఇరవైసార్లూ నేను చూపు తిప్పుకున్నాను. అందరికీ ఆరుగురు జడ్జీలుంటే ఈమెకు ఐదుగురే. మొగ్గకూడదని నేను చేసిన నిగ్రహమే మొగ్గు. యాదమ్మ సిఫారసు పిల్లకు ఏమీ పెట్టలేదని మెట్ల మీద కూర్చుని అంత గట్టిగా చెప్పానే, అది రెండు విధాలా పనిచేసింది: లేని కార్డు వేయించింది, పడాల్సిన చూపు తప్పించింది.

"నేను నిన్ను చూడలేదమ్మా," అన్నాను. "మీ అమ్మ నంబరు చెప్పింది కాబట్టి, కావాలనే చూడలేదు."

  మమత వంగి బూట్ల లేసులు బిగించుకుంది.

"అయితే ఇప్పుడు జూడుండ్రి."

స్టాపు పక్కన సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంది. అక్కడి కరెంటు స్తంభం దాకా పోయి, తిరిగి, మళ్లీ వచ్చింది. పందెం వేగంతోనే. నేను సంచి కింద పెట్టి, జడ్జి నిలబడినట్టు నిలబడ్డాను. స్టాపులో జనం ఫోన్లు వదిలి చూస్తున్నారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మోకాళ్లు గీత గీసినంత నిటారుగా ఉన్నాయి. ఎంత బాగా నడుస్తుంది ఈ పిల్ల, అనుకున్నాను. ఆదివారమంతా ఎంత పోగొట్టుకున్నాను!

నాలుగోసారి స్తంభం దగ్గర మలుపు తిరిగి వేగం అందుకునేటప్పుడు ఎడమ పాదం ఆనకముందే కుడి పాదం లేచింది. మళ్లీ చూశాను. లేచింది.

మా బస్సు వచ్చి ఆగింది. క్లీనరు ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు అని అరుస్తున్నాడు. నేను సంచిలోంచి పసుపు పాడిల్ తీసి, ఆ పిల్ల మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను.